చందనం చెదిరిన వైరు

పదకొండవ భాగం

ఈ కథను ఈ వారమే చేతిలోకి తీసుకున్నవారి కోసం ముందుగా నాలుగు మాటలు. కేరళలోని చెరుమంగలం గ్రంథాలయంలో కంప్యూటర్ పని చూసే అంబిలి రెండు వర్షాకాలాల పాటు కాళిక్కుట్టి అమ్మూమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, నాగారాధన చేసే పుళ్ళువ కులపు ఆ ముసలామె పాడిన అరవై మూడు నాగుల పాటలు రికార్డు చేసింది. ఆ తరవాత కాళిక్కుట్టికి గొంతు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. పాటలన్నీ గ్రంథాలయం వారి ఒకే ఒక్క హార్డ్ డిస్కులో మిగిలాయి. దుర్గాష్టమి సాయంత్రం ఊరి ఆనవాయితీ ప్రకారం పుస్తకాలతో పాటు కంప్యూటర్‌నీ, దానికి తగిలించి ఉన్న డిస్కునీ సరస్వతి పటం ముందు పూజకు పెట్టారు. విజయదశమి ఉదయం పూజ ఎత్తి కంప్యూటర్ వేస్తే, లోపల కొత్త సిస్టమ్ వచ్చి కూర్చుని ఉంది. డిస్కు మాత్రం తెరుచుకోలేదు. ‘దీన్ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?’ అని తెర మీద అడుగుతోంది. తప్పంతా అంబిలిదేనని కమిటీ తేల్చి, మంగళవారం సాయంత్రం నాలుగు గంటలకు సంతకం పెట్టడానికి రమ్మంది.

అంబిలి పది నిమిషాలు ముందే వచ్చింది.

హాల్లో పొడవాటి బల్ల చుట్టూ ఆరు కుర్చీలు వేశారు. ఏడోది వెయ్యలేదు. పోనీ, నిలబడితే కాళ్లేమీ అరిగిపోవు అనుకుంది. బల్ల మధ్యలో ఎర్ర పట్టుగుడ్డ మూట ఉంది. పూజనాడు డిస్కును చుట్టిన గుడ్డే అది. దాని పక్కన ఒక తెల్ల కాగితం, కాగితం ఎగిరిపోకుండా మీద పెన్ను. గోడ వారగా సరస్వతి పటం కింద కాళిక్కుట్టి కుండ ఇంకా అక్కడే ఉంది. మట్టికుండ మూతికి తోలు బిగించి, ఆ తోలు నుంచి ఒక్క తీగ లాగిన వాయిద్యం అది. అదీ పూజకు వచ్చినదే. పూజ ఎత్తిన రోజు ఒంట్లో బాగోలేక ఆమె తీసుకుపోలేదు.

అధ్యక్షుడు పరమేశ్వరన్ మాష్ తలవంచుకుని కూర్చున్నారు. డెబ్భై నాలుగేళ్ల పాత బడిపంతులు, అందుకే ఊరికంతా మాష్. ఊళ్లో సగం మంది పిల్లల వేలు పట్టుకుని బియ్యంలో మొదటి అక్షరాలు రాయించింది ఆయనే. అంబిలి వేలు కూడా. ఆయన పక్కన సెక్రటరీ శివశంకరన్. నుదుటి మీద చందనం ఎప్పుడు చూసినా ఇప్పుడే పెట్టుకున్నట్టుంటుంది. ఎదురుగా టైర్ల కొట్టు మొయ్దీన్‌కుట్టి పాలు లేని కట్టన్ చాయ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని ఊదుకుంటున్నాడు. మిగిలిన ముగ్గురు సభ్యులు ఎప్పటిలాగే ఎవరు ముందు తలాడిస్తే వాళ్ల వెనక తలాడించడానికి సిద్ధంగా ఉన్నారు.

“మొదలుపెడదామా?” అన్నాడు శివశంకరన్. కాగితం తీసి చదివాడు. “‘గ్రంథాలయం కంప్యూటర్ ఆపరేటర్నయిన నేను, అప్‌గ్రేడ్ చేసే సమయంలో చూపిన అజాగ్రత్త వల్ల డిస్కులోని పాటలు పూర్తిగా నాశనమయ్యాయని ఒప్పుకుంటున్నాను. ఇక వాటి కోసం వెతికించవలసిన పని లేదని, డిస్కును శుభ్రం చేసి గ్రంథాలయం మళ్లీ వాడుకోవచ్చని తెలియజేస్తున్నాను.’ అంతే. పెద్దగా ఏమీ లేదు. ఇక్కడ సంతకం పెట్టు అంబిలీ.”

అంబిలి పెన్ను ముట్టుకోలేదు.

మొదటి వాక్యం ఆమెకు ముందే తెలుసు. నాలుగు రోజులుగా ఊరంతా అదే మాట. చేపల బండి దగ్గర కూడా ఇద్దరు ఆడవాళ్లు ఆమెను చూసి గొంతు తగ్గించారు. కాని రెండో వాక్యం ఇప్పుడే వింది. ఇక వెతికించవలసిన పని లేదట. డిస్కును శుభ్రం చేస్తారట. తన పేరు పోయిన చోటే అమ్మూమ్మ గొంతును కూడా పాతిపెట్టేస్తారన్నమాట.

“పాటలు నాశనమయ్యాయని ఎవరు చెప్పారు సార్?” అని అడిగింది.

“డిస్కు తెరుచుకోవడం లేదు. ఇంకెవరు చెప్పాలి? బ్రహ్మదేవుడా?”

“తెరుచుకోకపోవడం వేరు, లేకపోవడం వేరు. మన పుస్తకాల రిజిస్టరు చిరిగిపోయిందనుకోండి. ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో తెలియదు. అంతమాత్రాన పుస్తకాలు పోయినట్టా? డిస్కులోనూ రిజిస్టరు లాంటిది ఒకటుంటుంది. అది చిరిగింది. తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళితే పాటలు బయటికి తీస్తారు. ఈలోగా దాన్లో కొత్తగా ఏమీ రాయకూడదు. అంతే.”

“అబ్బో, పాఠాలు!” శివశంకరన్ సభ్యుల వైపు చూసి నవ్వాడు. ముగ్గురిలో ఒకడు నవ్వాడు. “అయినా అవేమన్నా వేదాలా? పాము పాటలు. ఆ కాళిక్కుట్టి కాకపోతే ఇంకో పుళ్ళువత్తి పాడుతుంది. మళ్లీ రికార్డు చేసుకో.”

సరిగ్గా అప్పుడే గుమ్మంలో కర్ర చప్పుడైంది. కాళిక్కుట్టి వచ్చింది. మెడ చుట్టూ పలచటి తుండుగుడ్డ. ఆపరేషన్ గాటు కనబడకుండా ఎప్పుడూ అలాగే చుట్టుకుంటుంది. ఆ మాట విన్నదో లేదో ముఖం చూస్తే తెలియలేదు. కుండ వైపు చెయ్యి చూపించింది, తీసుకుపోవడానికి వచ్చానన్నట్టు.

“తీసుకో తీసుకో. తీసుకుని వెళ్లు. మీటింగు నడుస్తోంది,” అన్నాడు శివశంకరన్.

ఆమె కుండ దగ్గరికి వెళ్లింది. కాని ఎత్తుకోలేదు. దాని పక్కనే నేల మీద కూర్చుంది.

“ఉండనీ శివా. ఆమె గొంతు గురించేగా మాట్లాడుకుంటున్నాం,” అన్నాడు మొయ్దీన్‌కుట్టి. “నువ్వు చెప్పు మోళే,” అని కూతుర్ని పిలిచినట్టు అంబిలిని పిలిచాడు. “ నువ్వు చెప్పాలనుకున్నది చెప్పు.”

అంబిలి చేతిసంచీలోంచి కాగితాలు తీసింది. చేతులు వణకకూడదని పొద్దున్న దీపం పెట్టినప్పుడు దేవుణ్ణి అడిగింది. వణకడం లేదు. కోపం వచ్చిన చేతులు అంత త్వరగా వణకవని ఆమెకు తెలియదు.

“రెండో డిస్కు తెప్పించండి, ఇంకో కాపీ పెట్టుకుందాం అని మూడు మీటింగుల్లో అడిగాను. మినిట్స్ పుస్తకంలో ఉంది. సెక్రటరీ సార్ ఏమన్నారో గుర్తుందా? ‘ఒక సరస్వతికి రెండు గుళ్లెందుకు?’ అన్నారు. అందరూ నవ్వారు.”

“జోక్ చేశాను,” అన్నాడు శివశంకరన్.

“సరే. పాత సిస్టమ్‌కి ఇక కంపెనీ వాళ్లు మరమ్మతులు పంపరు కాబట్టి కొత్తది ఎక్కించాలన్నాను. అష్టమి ముందురోజు అది నెట్ నుంచి దిగింది. దిగింది కాని ఎక్కించలేదు. విజయదశమి అయ్యాక, డిస్కు తీసి పక్కన పెట్టి, అప్పుడు ఎక్కిస్తానన్నాను. కంప్యూటర్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో కాగితం కూడా అంటించాను. ‘అప్‌గ్రేడ్ నొక్కే ముందు బయటి డిస్కు తీసేయాలి. డిస్క్ చెకింగ్ నడుస్తుంటే వైరు లాగకూడదు.’ ఆ కాగితం ఏమైంది సార్?”

శివశంకరన్ భుజాలెగరేశాడు. “పట్టుగుడ్డ కప్పాను. పూజకు పెట్టాక అక్షరం కంట పడకూడదు. పుస్తకాల అట్టలు కూడా అందుకే కప్పాం. ఆ మాత్రం ఆచారం నీ ఇంట్లో లేదా?”

“ఉంది. మా ఇంట్లో కిరాణా చీటీ కూడా రాయం ఆ రెండు రోజులు. అందుకే పూజకు పెట్టే ముందే డిస్కు తీసేస్తానన్నాను. గ్రంథాలయం లెక్కలు దాన్లోకి కాపీ అవుతున్నాయి, అయిదు నిమిషాలు ఆగమన్నాను. ముహూర్తం దాటిపోతోందని మీరు గోడ మీద స్విచ్చి ఆపేశారు. ఆ తరవాత నేను చెయ్యి పెట్టబోతే, పూజలో పెట్టినదాన్ని కదపకూడదని అరిచారు. నడుస్తున్న డిస్కుకి ఉన్నట్టుండి కరెంటు పోతే, మళ్లీ వేసినప్పుడు కంప్యూటర్ దాన్ని మొదట తనిఖీ చేస్తుంది. అది దాని ఆచారం.”

మొయ్దీన్‌కుట్టి గ్లాసు వెనక నవ్వు దాచుకున్నాడు.

“ఇదంతా నువ్వు చేసిన తప్పును నా నెత్తిన రుద్దడానికి,” శివశంకరన్ గొంతు పెరిగింది. “కొత్త సిస్టమ్ దించింది నువ్వు. దానంతటదే ఎక్కేట్టు వదిలేసింది నువ్వు. పూజలో ఉన్న పెట్టెను రెండు రోజులు ఎవరూ ముట్టుకోలేదు. హాలుకు తాళం. దేవి సన్నిధి. ఇక చేసిందెవరు? అమ్మవారా?”

“అమ్మవారి మీద పెట్టకండి సార్. నేను అడగబోయేదీ అదే. ఎవరూ ముట్టుకోలేదని మీరు ప్రమాణం చేస్తారా?”

“చేస్తాను.”

“అయితే మీ ఫోను తియ్యండి.”

అతను తియ్యలేదు. మొయ్దీన్‌కుట్టి తన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. “గ్రూపులో నేనూ ఉన్నానుగా. నా దాంట్లో చూద్దాం.”

గ్రంథాలయం గ్రూపులో శివశంకరన్ పంపిన ఫొటోలు రెండు ఉన్నాయి. మొదటిది దుర్గాష్టమి సాయంత్రం, హారతి అయ్యాక తీసినది. రెండోది విజయదశమి ఉదయం, పూజ ఎత్తడానికి తలుపు తీసిన వెంటనే, ఇంకా ఎవరూ లోపలికి అడుగు పెట్టకముందు గుమ్మంలోంచి తీసినది. దాని కింద ‘ఎవరూ ముట్టని దివ్య సన్నిధి’ అని అతనే స్వయంగా రాసిన మాట కూడా ఉంది.

“మొదటి ఫొటో పెద్దది చేసి చూడండి మొయ్దీన్‌కుట్టి ఇక్కా. పెట్టె ముందు రెండు పోర్టులున్నాయి, పైన ఒకటి, కింద ఒకటి. డిస్కు వైరు ఎక్కడుంది?”

“పైన.”

“వైరు పెట్టెలోకి దూరిన చోట ఏముంది?”

మొయ్దీన్‌కుట్టి కళ్లు చికిలించాడు. “చందనం బొట్టు. సగం వైరు మీద, సగం పెట్టె మీద. మధ్యలో కుంకుమ.”

“సెక్రటరీ సార్ తన చేత్తో పెట్టిన బొట్టు. ఇప్పుడు రెండో ఫొటో.”

ఈసారి మొయ్దీన్‌కుట్టి చాలాసేపు చూశాడు. ఫోను శివశంకరన్ ముందుకు తోశాడు. సభ్యులు ముగ్గురూ మెడలు చాపారు.

వైరు కింది పోర్టులో ఉంది. పై పోర్టు ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. దాని అంచున అర్ధచంద్రుడిలా సగం చందనం బొట్టు. తక్కిన సగం వైరుతో పాటు కిందికి పోయింది.

సభ్యుల్లో ఒకడు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

“నాకు అష్టమీ తెలియదు, నవమీ తెలియదు,” అన్నాడు మొయ్దీన్‌కుట్టి మెల్లగా. “కాని ఒక బండి చక్రం విప్పి మళ్లీ బిగించారో లేదో మట్టి చూసి చెప్పగలను. ఇది విప్పారు శివా. విప్పి, ఇంకో బొక్కలో బిగించారు.”

“ఎలకలుంటాయి,” అన్నాడు శివశంకరన్.

“వైరు పీకి, కింది పోర్టు వెతుక్కుని మళ్లీ గుచ్చే ఎలకా? దాన్ని పట్టుకో, నా కొట్లో పనికి పెట్టుకుంటాను.”

ముగ్గురూ ఈసారి గట్టిగానే నవ్వారు. మాష్ మాత్రం నవ్వలేదు. తల ఎత్తలేదు. అంబిలి ఆ సంగతి గమనించింది. గమనించి, ఆయనకూ తనలాగే బాధగా ఉందనుకుంది. ఆయన మీద ఆమెకు అంత నమ్మకం.

రెండో కాగితం బల్ల మీద పరిచింది.

“కంప్యూటర్ తను చేసిన ప్రతి పనీ, టైముతో సహా లోపల రాసిపెట్టుకుంటుంది. నిన్న ఇక్క ఎదురుగా కూర్చుంటే తీసి ప్రింటు చేశాను. మహానవమి, ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలకు కంప్యూటర్ వేశారు. పది నలభై ఏడుకి ‘ఇప్పుడే అప్‌గ్రేడ్ చెయ్యి’ అన్న బటన్ నొక్కారు. పదకొండు అయిదుకి, ఆ పని కోసం కంప్యూటర్ ఆగి మళ్లీ లేచేటప్పుడు, డిస్క్ చెకింగ్ మొదలైంది. నాలుగు నిమిషాలకు, మొదటి మెట్టు కూడా పూర్తి కాకుండానే డిస్కు మాయమైంది. అంటే ఎవరో వైరు లాగారు. తరవాత కొత్త సిస్టమ్ తన పాటికి తను ఎక్కింది.”

“దాని గడియారం తప్పు. ఆ కంప్యూటర్ టైము ఎప్పుడూ తప్పే,” అన్నాడు శివశంకరన్.

“అదే కాగితంలో చివరి లైను చూడండి. విజయదశమి, ఉదయం ఎనిమిదీ అయిదు. నేను లాగిన్ అయ్యాను. అప్పుడు మీరంతా నా వెనకే నిలబడి ఉన్నారు. గోడ గడియారం ఎనిమిది కొట్టిందని అటుకుల ప్రసాదం పంచింది మీరే. అప్పుడు సరిగ్గా ఉన్న గడియారం ముందురోజు తప్పెలా చూపిస్తుంది?”

శివశంకరన్ కాగితం దగ్గరికి లాక్కుని చివరి లైను మళ్లీ చూశాడు. అతని కళ్లలో మొదటిసారి అంబిలికి కోపం కాకుండా తికమక కనిపించింది. ఇతనికి నిజంగానే తెలియదని ఆమెకు అప్పుడు అర్థమైంది. తెలియకుండానే ఇన్ని రోజులు అంత గట్టిగా అరిచాడు.

“హాలు తాళాలు రెండు,” అంది. “ఒకటి మీ దగ్గర. మహానవమి పొద్దున్న మీరు గుడిలో అన్నదానం దగ్గర ఉన్నారు. నేనూ చూశాను. రెండో తాళం…”

ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. రెండో తాళం ఎవరి దగ్గరుంటుందో ఇరవై ఏళ్లుగా ఆ ఊరికంతా తెలుసు.

పరమేశ్వరన్ మాష్ నెమ్మదిగా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“నేనే తీశాను తలుపు,” అన్నారు.

మొయ్దీన్‌కుట్టి గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“ఆ పొద్దున్న కాళిక్కుట్టి మా గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆమె మనవరాలి బిడ్డకు అది ఇరవై ఎనిమిదో రోజు, మొలతాడు కట్టే రోజు. ఈ ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ దిష్టి పోవాలని పాట పాడింది. తన బిడ్డకు పాడటానికి తన దగ్గర గొంతు లేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది, వినిపించమని. ఒక్క పాట నా ఫోనులోకి తీసుకుని వెళ్లి పాపకు వినిపిద్దామనుకున్నాను. చదవకూడదు, రాయకూడదు అన్నారు గాని, వినకూడదని ఎక్కడా చెప్పలేదు కదా అనుకున్నాను.”

“మరి బటన్ ఎందుకు నొక్కారు మాష్?” అంబిలి గొంతు ఆమెకే కొత్తగా ఉంది. “అక్కడ రాసి ఉంటుంది కదా. డిస్కు తీసేశారా అని అడుగుతుంది. ఇప్పుడొద్దు, తరవాత అని పక్కనే ఇంకో బటన్ ఉంటుంది. చదవలేదా?”

మాష్ బల్ల మీది కళ్లజోడును వేలితో పక్కకు జరిపారు.

“చదవలేదు మోళే. ఆ రోజు అక్షరం చదవకూడదు. అందుకే కళ్లజోడు ఇంట్లోనే పెట్టి వచ్చాను. తెర మీద ఏదో వచ్చింది. నీలంగా, పెద్దగా ఉన్నదాన్ని నొక్కాను.”

చెప్పుకోవడానికి నవ్వొచ్చే మాట. ఎవరికీ నవ్వు రాలేదు. అంబిలి దేవుణ్ణి నమ్మే మనిషే. ఆ రెండు రోజులు పేపరు కూడా తిరగెయ్యదు. అయినా ఆ క్షణాన ఆమెకొక సందేహం వచ్చింది. అక్షరం మీద భక్తితో ఒక్క పూట పుస్తకం మూసిపెట్టమన్నారు పెద్దలు. మంచిదే. కాని ఒకరి గొంతు చేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని బటన్ నొక్కమని ఏ దేవత చెప్పింది? చదవకపోవడం పూజ ఎప్పుడయింది, జాగ్రత్త ఎప్పుడు దోషమయింది?

“అదంతా పోనివ్వండి,” అంది. “తెలియక నొక్కారు. ఎవరైనా నొక్కుతారు. నేను దాన్ని తప్పనను. కాని ఈ నాలుగు రోజులు? నన్ను ఇక్కడ నిలబెట్టి ఈ కాగితం రాయించినప్పుడు మీరు ఈ కుర్చీలోనే ఉన్నారు. ఊళ్లో నన్ను చూసి గొంతులు తగ్గిస్తుంటే మీకు తెలుసు. నా మూడో ఏట ఈ హాల్లోనే, ఆ పటం ముందే నా వేలు పట్టుకుని హరిశ్రీ రాయించారు మీరు. అదే వేళ్లతో ఇవాళ చెయ్యని తప్పు నేను చేశానని రాయించబోయారు. చదవడం దోషమని కళ్లజోడు దాచుకున్నారే, ఇది దోషమనిపించలేదా మాష్?”

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

“మీకంటే సెక్రటరీ సార్ నయం. ఆయన నిజమనుకుని అరిచారు. మీరు అబద్ధమని తెలిసి ఊరుకున్నారు.”

మాష్ తలెత్తారు. కళ్లజోడు లేని ఆ కళ్లు చిన్నపిల్లాడి కళ్లలా ఉన్నాయి. “నిజం మోళే. నువ్వన్న ప్రతి మాటా నిజం. తెర నల్లబడి అంకెలు పరిగెడుతుంటే భయమేసింది. వైరు కూడా నేనే లాగాను. అంతా నేనే…”

బ్..మ్.

హాలంతా మోగింది. బల్ల మీద గ్లాసు కూడా సన్నగా అదిరింది. కాళిక్కుట్టి కుండ తీగను మీటింది. ఒక్కసారే. ఆ మోత చల్లారకముందే కర్ర ఊతంగా లేచింది.

బల్ల దగ్గరికి వచ్చింది. మాష్ వైపు చూసి అడ్డంగా తల ఊపింది. వద్దు, ఆయన కాదు అన్నట్టు. తన కుడిచెయ్యి చాపి, గాలిలో కనబడని వైరును గుప్పిట పట్టుకుని ఒక్క లాగు లాగింది. లాగిన గుప్పిటను మెడ మీది తుండుగుడ్డకు ఆనించుకుంది.

ఎవరూ అర్థం చెప్పనక్కరలేకపోయింది. అంకెలు మింగుకుంటూ పోతున్న పెట్టెలో తన గొంతు కరిగిపోతోందనుకుంది. చేతనైనట్టు బయటికి లాగి కాపాడుకుంది.

“నా వెంటే వచ్చి లాగింది, మళ్లీ కింది పోర్టులో గుచ్చింది మాత్రం నేనే. ఆమె పేరు బయటికొస్తే ఊరంతా ఆమెనే అంటుంది,” మాష్ గొంతు నేలలోంచి వస్తున్నట్టుంది. “పూజలో చెయ్యి పెట్టిన పుళ్ళువత్తి వల్లే దేవి కోపించిందంటారు. అది ఆపాలనుకున్నాను. ఆపడానికి నిన్ను బలిపెట్టాను. నాకు క్షమాపణ అడిగే యోగ్యత కూడా లేదు.”

కాళిక్కుట్టి అంబిలి చెయ్యి పట్టుకుంది. ఎండిన ఆ వేళ్లు గట్టిగా నొక్కాయి. కళ్లలో ఒకటే ప్రశ్న. తప్పు ఎవరిదన్నది కాదు. ఉందా, పోయిందా?

అంబిలికి ఒక్కసారిగా కోపమంతా పక్కకు తప్పుకుంది. వంగి, ఆమె చెవి దగ్గర, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

“ఉంది అమ్మూమ్మా. మీరు లాగినప్పుడు అది ఇంకా చూసుకుంటోంది, అంతే. పాటల జోలికి పోలేదు. ఈ కాగితంలో ఉంది, చూడండి, మొదటి మెట్టు దాటలేదు. రిజిస్టరు చెదిరింది, పాటలు ఎక్కడివక్కడే ఉన్నాయి. రేపే కోళిక్కోడ్ తీసుకెళతాను. అరవై మూడూ తెస్తాను. పాపకు ముందు మీ పాటే వినిపిద్దాం.”

ముసలామె ముఖంలో వెలుగు రావడం అందరూ చూశారు. మొయ్దీన్‌కుట్టి సంతకం కాగితం తీసి నాలుగు మడతలు పెట్టి, చాయ గ్లాసు కింద పెట్టాడు.

“ఇదుగో, మీ చేత్తో మీరే పట్టుకోండి,” అని అంబిలి ఎర్ర పట్టుగుడ్డ మూటను దగ్గరికి లాక్కుంది. ముడి విప్పింది. ఒక మడత, రెండో మడత.

లోపల వైరు ఉంది. చుట్టలా చుట్టి ఉంది. దాని కొస మీద సగం చందనం బొట్టు ఎండి పెచ్చులూడుతోంది.

డిస్కు లేదు.

అంబిలి తలెత్తి శివశంకరన్ వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. నుదుటి మీద చందనం కింద చెమట పట్టింది.

“సార్. డిస్కేది?”

“నువ్వు… నువ్వెలాగూ సంతకం పెడతావు కదా అని…”

“డిస్కేది సార్?”

“మధ్యాహ్నం పట్టాంబి పంపించాను. బస్టాండు పక్కన కంప్యూటర్ల కొట్టుకి. శుభ్రంగా, పూర్తిగా ఫార్మాట్ చేసి సాయంత్రానికి పెట్టమన్నాను. అయిదింటికి ఇస్తామన్నారు.”

అందరి కళ్లూ గోడ గడియారం మీదికి పోయాయి. నాలుగూ నలభై.

“నంబరు!” అని అరిచింది అంబిలి. శివశంకరన్ ఫోను తీసి చూపించాడు. ఆమె తన ఫోనులో నొక్కింది. మోగుతోంది. ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. మాష్ చేతులు జోడించారు, ఏ దేవుణ్ణి తలుచుకున్నారో ఏమో. కాళిక్కుట్టికి ఏమీ అర్థం కాలేదు. ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి చూస్తోంది. ఆమె ముఖంలోని వెలుగు ఇంకా ఆరలేదు. అదే అంబిలి చూడలేకపోయింది.

అవతల ఎవరో ఎత్తారు. ఒక ఆడమనిషి గొంతు, హడావిడిగా, అక్కా అని పిలుస్తూ.

“చెరుమంగలం గ్రంథాలయం డిస్కా చేచ్చీ? కరెంటు లేక ఆలస్యమైంది. ఇప్పుడే పెట్టాం. నడుస్తోంది, నాలుగు శాతం అయింది.”

“ఆపండి! వెంటనే ఆపండి!”

“ఆగండి… ఆపమని నొక్కుతున్నా. ఆగట్లేదు చేచ్చీ. తెర బిగుసుకుపోయింది. అయిదు శాతం చూపిస్తోంది.” ఆ గొంతు ఒక్క క్షణం తటపటాయించింది. “వైరు లాగెయ్యమంటారా?”

వైరు లాగకూడదు. ఆ మాటను ఎర్ర సిరాతో, పెద్ద అక్షరాలతో తన చేత్తోనే రాసి అంటించింది అంబిలి. లాగకపోతే ఒక్కో శాతానికీ కొన్ని పాటలు చెరిగిపోతాయి.

ఆమె కళ్లు కాళిక్కుట్టి కుడిచేతి మీద నిలిచిపోయాయి. ఆ గుప్పిట ఇంకా విప్పుకోలేదు.

“చేచ్చీ, ఆరు శాతం. లాగమంటారా, వద్దా?”